సముద్రంలో బొటనవేలు పైకెత్తకండి!

సినిమాలో సముద్రం మహా బుద్ధిమంతుడు. డైరెక్టరుగారు "యాక్షన్" అంటే అలలు లేస్తాయి, "కట్" అంటే పడుకుంటాయి. హీరో తెల్లచొక్కాతో సహా దూకేస్తాడు. నలభై అడుగుల లోతున విలన్ని నాలుగు తన్ని, హీరోయిన్ని భుజాన వేసుకుని పైకి తేలతాడు. క్రాపు మాత్రం చెదరదు! ఇంటర్వెల్లో మనం సోడా తాగుతూ "ఏం దూకాడ్రా బాబూ!" అనుకుంటాం.

ఆ దూకుడు చూసి, నిజంగానే దూకివద్దామని బయల్దేరే కుర్రకారు ఈమధ్య ఎక్కువయ్యారు. తప్పేం లేదు. వయసుంది, చేతిలో నాలుగు రాళ్లున్నాయి, పాస్‌పోర్టు వుంది. ఈ వారం నా బల్లమీద వున్న ఉత్తరం అలాంటిదే. కాకినాడ కుర్రాడు. ఉద్యోగం బెంగుళూరులో. పెళ్లయి ఏడాది. సెప్టెంబరులో భార్యతో కలిసి మధ్యధరా సముద్రంలోని మాల్టా వెళుతున్నాడట. "అండమాన్‌లో ఓపెన్ వాటర్ కార్డు తీసుకున్నానన్నా. మా ఆవిడకి ఈత రాదు గానీ సరదా వుంది. మొత్తం వారం రోజులు. ఆఖరి రోజు మధ్యాహ్నం రెండింటికి విమానం. ఆ పొద్దున్న కూడా ఒక డైవ్ కొట్టేస్తే డబ్బులు గిట్టుబాటవుతాయి గదా! ప్లాను చెప్పండి" అని రాశాడు.

ప్లాను చెబుతాను తమ్ముడూ. కాని ముందుగా ఒక మాట. ఆ ఆఖరి పొద్దుటి డైవ్ వద్దు. ఎవరు ఎంత తక్కువకి ఇస్తానన్నా వద్దు. డబ్బులు గిట్టుబాటు కావడం అటుంచి, మనిషే గిట్టుబాటు కాకుండా పోయే డైవ్ అది. ఎందుకో తర్వాత చెబుతాను. ఇలాంటి ప్రయాణానికి ప్లాను ముందునుంచి వెయ్యకూడదు, తిరుగు విమానం దగ్గర్నుంచి వెనక్కి వేసుకుంటూ రావాలి. ఈ వారం నేను చెప్పబోయేదంతా ఆ ఒక్కమాట చుట్టూనే తిరుగుతుంది.

సినిమావాళ్ల దీవి

మాల్టా అంటే ఒక్క దీవి కాదు. మాల్టా, గోజో, మధ్యలో చిన్నది కోమినో. అన్నీ కలిపినా 316 చదరపు కిలోమీటర్లే. ఇటలీ కాలికిందున్న సిసిలీకి దక్షిణాన వుంటుంది. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ల పాలన. 1964లో స్వాతంత్ర్యం వచ్చింది. అందుకే మనకి అక్కడ మూడు సుఖాలు. ఇంగ్లీషు అధికార భాష, కార్లు మనలాగే ఎడమవైపు నడుస్తాయి, ఎవర్ని దారి అడిగినా చెబుతారు. ఒక్క కష్టం, కరెంటు ప్లగ్గు ఇంగ్లండు మోస్తరు చదరపు మూడు పుల్లలది. మన గుండ్రటి పుల్లలు దూరవు. ఎడాప్టరు ఇంటి దగ్గరే కొనుక్కోండి.

మన పత్రిక పాఠకులకి ఈ దీవి ఇంకొక విధంగా చుట్టం. రాజధాని వలెట్టాలోని సెయింట్ ఎల్మో కోటని 1978 నాటి 'మిడ్‌నైట్ ఎక్స్‌ప్రెస్'లో టర్కీ జైలుగా చూపించారు. రికాసోలీ కోటలో 2000 సంవత్సరపు 'గ్లాడియేటర్' కోసం రోమునగరాన్ని కట్టారు. మనవాళ్లూ తక్కువ తినలేదు. 2018లో విడుదలైన 'థగ్స్ ఆఫ్ హిందుస్థాన్' కోసం అమితాబ్, ఆమిర్‌ఖాన్‌లు ఓడలెక్కింది అక్కడే.

ఆ రికాసోలీ కోట దగ్గరే సముద్రం ఒడ్డున సినిమావాళ్ల నీటి ట్యాంకులున్నాయి. 1960లలో మొదలుపెట్టారు. తమాషా ఏమిటంటే, ట్యాంకు అంచునుంచి నీళ్లు పొర్లుతుంటే వెనకున్న అసలు సముద్రంతో కలిసిపోయి, కెమెరాకి అంతా ఒకే సముద్రంలా కనిపిస్తుంది. 1980 నాటి 'రెయిజ్ ది టైటానిక్' కోసం అక్కడే లోతైన ట్యాంకు ఒకటి ప్రత్యేకంగా కట్టారు. అంటే, నిజమైన సముద్రం పదడుగుల దూరంలో వుండగా సినిమావాళ్లు కోట్లు పోసి దొంగ సముద్రం కట్టుకున్నారన్నమాట. ఎందుకు? అసలు సముద్రం డైరెక్టరు మాట వినదు గనుక. ఆ సంగతి సినిమావాళ్లకి తెలుసు. చూసివచ్చి దూకేవాళ్లకే తెలియదు.

ఇంకో సంగతి చెప్పనా? 1981 నాటి జేమ్స్‌బాండ్ చిత్రం 'ఫర్ యువర్ ఐస్ ఓన్లీ'లో రోజర్ మూర్, కరోల్ బుకే నీటి అడుగున పక్కపక్కనే ఈదుతుంటారు, జ్ఞాపకముందా? ఆ దగ్గరి షాట్లలో ఇద్దరూ తడవలేదు. హీరోయిన్‌కి సైనస్ బాధ. నీటిలోకి దిగడానికి వీల్లేదు. అందుకని పొడినేల మీదే స్టేజీలో నిలబెట్టి, ఫ్యాను పెట్టి జుట్టు ఎగిరేలా చేసి, కెమెరా వేగం మార్చి తీసి, బుడగలు తర్వాత అతికించారు. ముక్కు బాగాలేకపోతే బాండు చిత్రంలో హీరోయిన్‌నే దింపలేదు. మీరు జలుబు పెట్టుకుని దిగుతానంటే ఎలా?

ఇంటి దగ్గర చేసుకోవలసిన పనులు

మొదటిది వీసా. మాల్టా షెంజెన్ దేశాల్లో ఒకటి. ప్రయాణానికి ఆర్నెల్ల ముందునుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మరీ ఆలస్యమైతే పదిహేను రోజుల ముందు ఆఖరు. ఆ ఆఖరుదాకా ఆగకండి. వేసవిలో అపాయింటుమెంటు దొరకడమే గగనం. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకి రుసుము 90 యూరోలు. వీసా చేతికి రాకుండా వెనక్కిరాని టిక్కెట్లు, హోటళ్లకి డబ్బు కట్టకండి.

రెండోది ఇన్సూరెన్సు. ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. షెంజెన్ వీసాకి కనీసం 30,000 యూరోల వైద్యఖర్చులు భరించే పాలసీ తప్పనిసరి. అందరూ ఏదో ఒకటి చౌకగా కొనేసి కాగితం జతచేస్తారు. వీసా వచ్చేస్తుంది. కాని ఆ పాలసీ వెనక చిన్న అక్షరాల్లో "సాహస క్రీడలకు వర్తించదు" అని వుంటుంది చూడండి, అందులో స్కూబా డైవింగు కూడా వుండొచ్చు. కొన్నింట్లో వర్తిస్తుంది గాని ఫలానా లోతుదాకానే అంటారు. కొనేముందు "గాలి సిలిండరుతో నీటిలోకి దిగితే వర్తిస్తుందా? ఎంత లోతుదాకా? ప్రెషర్ ఛాంబరు వైద్యానికి ఇస్తారా?" అని మూడు ప్రశ్నలు అడగండి. జవాబు నోటిమాటగా వద్దు, రాతలో తీసుకోండి. లేదా డైవర్ల కోసమే వున్న డాన్ అనే సంస్థ ఇన్సూరెన్సు వేరుగా తీసుకోండి. ప్రెషర్ ఛాంబరు మాల్టాలోని మేటర్ డేయ్ ఆసుపత్రిలో వుంది. ఎక్కడుందో తెలిసివుండటం మంచిది, అవసరం రాకపోవడం ఇంకా మంచిది.

మూడోది డాక్టరు. డైవింగు సెంటరువాళ్లు ముందుగా ఒక ఆరోగ్య ఫారం ఇస్తారు. ఉబ్బసం వుందా, గుండెజబ్బు వుందా, మూర్ఛ వచ్చిందా, చెవికి ఆపరేషను జరిగిందా, ఇలా ప్రశ్నలు. ఒకదానికి "అవును" అంటే డాక్టరు సంతకం కావాలి. నేను మాల్టా వెళ్లినప్పుడు ఒకచోట కౌంటరులో మనిషి "అన్నీ లేదు అని టిక్కు పెట్టెయ్యండి, పనైపోతుంది" అన్నాడు. థాంక్స్ చెప్పి, బయటికి వచ్చి, పక్క వీధిలో ఇంకో సెంటరు చూసుకున్నాను. ఫారాన్ని లెక్కచెయ్యనివాడు సిలిండరుని మాత్రం ఏం లెక్కచేస్తాడు? మీరూ ఇంటి దగ్గరే మీ డాక్టరుకి చెవులూ ఊపిరితిత్తులూ చూపించి కాగితం తీసుకువెళ్లండి. చిన్నప్పుడెప్పుడో ఉబ్బసం వుండేది, ఇప్పుడు లేదులే అని దాచకండి. ఊపిరి సరిగా బయటికి రాకుండా లోపల చిక్కుకుంటే నీటి అడుగున దానంత ప్రమాదం మరోటి లేదు.

నాలుగోది కార్డు. తమ్ముడి ఓపెన్ వాటర్ కార్డు 18 మీటర్ల లోతుదాకా. అంతే. కార్డు వచ్చి ఏడాది దాటితే, మాల్టాలో మొదటిరోజు ఒక రిఫ్రెషరు పాఠం తీసుకోవాలి. సిగ్గుపడవలసిన పనేం లేదు. ఏడాదిపాటు సైకిలెక్కకపోయినా కాళ్లు తడబడతాయి గదా! ఇంకా కార్డు లేనివాళ్లు మనదేశంలోనే నేర్చుకోవడం మేలు. అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్, పుదుచ్చేరి, కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి, మన విశాఖ రుషికొండ, ఇన్నిచోట్ల సిలిండరు కట్టుకుని దిగే వీలుంది. పూర్తి కోర్సు చెబుతారా, లేక ఊరికే ఒకసారి దింపి ఫోటో తీసి పంపిస్తారా అన్నది ముందే కనుక్కోండి. రెండింటికీ చాలా తేడా వుంది. అసలు కోర్సు మూడు నాలుగు రోజులు పడుతుంది.

మరి ఈతరాని చెల్లెమ్మ సంగతి? ఆవిడ కోసం "పరిచయ డైవ్" అని వుంటుంది. ఒక శిక్షకుడు చెయ్యి వదలకుండా పక్కనే వుండి 12 మీటర్లలోపు తిప్పి తీసుకొస్తాడు. అయితే ఇప్పటినుంచి మూణ్ణెల్లపాటు దగ్గర్లో వున్న స్విమ్మింగ్ పూలుకి వెళ్లమనండి. కోర్సు చెయ్యాలంటే 200 మీటర్లు ఈది, పది నిమిషాలు తేలుతూ వుండగలగాలి. అంతదాకా రాకపోయినా ఫరవాలేదు, మొహం మీద నీళ్లు పడితే ఉలిక్కిపడకుండా వుంటే చాలు. ఒకవేళ ఆవిడ ఒడ్డుకెళ్లాక "నాకొద్దండీ" అంటే, దయచేసి "ఇంత ఖర్చుపెట్టి తెచ్చాను" అనకండి. ఆ మాటకి మొహమాటపడి నీటిలోకి దిగిన మనిషి, భయాన్ని కూడా వెంటబెట్టుకుని దిగుతుంది.

ఎప్పుడు వెళ్లాలి?

సెప్టెంబరు అన్నారు, భేషైన నిర్ణయం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అక్కడి నీళ్లు 15 డిగ్రీలు. మన తెలుగుదేహం తట్టుకోవడం కష్టం. ఆగస్టుకి 26 అవుతుంది గాని ఎండ, జనం, అద్దెలు మూడూ తారస్థాయిలో వుంటాయి. సెప్టెంబరు, అక్టోబర్లలో నీళ్లింకా వెచ్చగానే వుంటాయి, జనం పల్చబడతారు. 26 డిగ్రీలంటే స్నానాల గదిలో సుఖంగానే వుంటుంది. అదే ముప్పావుగంట నీటిలో వుంటే ఒంట్లో వేడంతా లాగేస్తుంది. అందుచేత అయిదు మిల్లీమీటర్ల వెట్‌సూటు అడగండి. "నేను గట్టివాణ్ణి, మూడు చాలు" అని హీరోయిజం చూపించకండి. చలికి వణికేవాడు గాలి గబగబా పీల్చేస్తాడు, సిలిండరు ముందే ఖాళీ అవుతుంది.

అక్కడ ఎక్కువగా పడవ అవసరం లేకుండా ఒడ్డునుంచే దిగుతారు. ఇసుక తీరం కాదు, గరుకురాళ్లు. వీపుమీద సిలిండరుతో ఆ రాళ్లమీద నడవాలి. కాబట్టి గట్టి అడుగున్న రబ్బరు బూట్లు ముఖ్యం. రాళ్ల సందుల్లో సముద్రపు ముళ్లకాయలుంటాయి, ఉత్తకాళ్లతో అడుగుపెట్టారో, సెలవంతా ముళ్లు తీసుకోవడంతోనే సరి.

ఎక్కడ దిగాలి?

మొదటిరోజు దిగకండి. విమానాలు మారి, నిద్రలేక, ఒంట్లో నీళ్లు తగ్గి చేరతారు. మన హైదరాబాదునుంచిగాని బెంగుళూరునుంచిగాని తిన్నగా విమానం లేదు. దుబాయిలోనో, ఇస్తాంబుల్‌లోనో, మరో యూరపు నగరంలోనో మారాలి. కాబట్టి మొదటిరోజు మంచినీళ్లు తాగి పడుకోండి.

రెండోరోజు లోతులేని చోట, ఆరేడు మీటర్లలో, బరువులు సరిచూసుకునే డైవ్. వలెట్టా దగ్గర 'మావొరి' అనే యుద్ధనౌక వుంది. 1941లో జర్మనీ వాళ్ల 'బిస్మార్క్' వేటలో పాల్గొన్న ఓడ. 1942 ఫిబ్రవరిలో జర్మన్ విమానాల బాంబుకి మునిగింది. ఇప్పుడు 14 మీటర్ల లోపే పడివుంది. శిక్షకుడు సరేనంటే మధ్యాహ్నం దాన్ని చూడొచ్చు. ఓపెన్ వాటర్ కార్డుకి అందే లోతులో ఇంత చరిత్ర దొరకడం అరుదు.

మూడో రోజు చిర్కెవ్వా రేవులో ఓడెక్కి గోజో వెళ్లండి. పాతిక నిమిషాల ప్రయాణం. తమాషా ఏమిటంటే, వెళ్లేటప్పుడు టిక్కెట్టు అడగరు, గోజోనుంచి తిరిగొచ్చేటప్పుడే డబ్బు తీసుకుంటారు. అక్కడ రెండు రాత్రులు మకాం పెట్టండి.

గోజోలో ద్వేయ్‌రా అనే చోట 'బ్లూహోల్' వుంది. రాళ్లమధ్య పది మీటర్ల వెడల్పు నీలపు బావి. అందులో దిగితే ఎనిమిది మీటర్ల దగ్గర ఒక పెద్ద వాకిలి. అది దాటితే అసలు సముద్రం. ఆ వాకిట్లో నిలబడి వెనక్కి తిరిగి చూడాలి. పైనుంచి ఎండ కర్రల్లా దిగుతూ వుంటుంది, చేపలు ఆ కర్రల మధ్య దూరుతూ వుంటాయి. ఏ కెమెరామన్ లైటింగూ దానికి సాటిరాదు. దాని పక్కనే ఒకప్పుడు 'అజూర్ విండో' అనే రాతితోరణం వుండేది. 1981 నాటి 'క్లాష్ ఆఫ్ ది టైటన్స్'లోనూ, 2011లో మొదలైన 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' సీరియల్లోనూ చూసేవుంటారు. 2017 మార్చి 8న గాలివానకి కూలిపోయింది. ఫోటోలు చూసి దానికోసం వెళ్లకండి, పైన లేదు. ఆ బండలు నీటి అడుగున వున్నాయి. చూడవలసింది డైవర్లే.

ఆ దగ్గర్లోనే 'ఇన్‌లాండ్ సీ'. కొండకింద దాదాపు 80 మీటర్ల సొరంగం గుండా సముద్రంలోకి దారి. అవతలి చివర అడుగు 26 మీటర్ల దాకా పోతుంది, తమ్ముడి కార్డుకి మించి. శిక్షకుడితో మాట్లాడి, అడుగుకి పోకుండా పైమట్టంలోనే వెళ్లగలిగితేనే వెళ్లండి. ఆ సొరంగంలో పైన టూరిస్టు పడవలు తిరుగుతుంటాయి. మధ్యలో పైకి తేలకూడదు.

ఇక అందరూ చెప్పుకునేది 'ఉమ్ ఎల్ ఫరూద్'. 110 మీటర్ల లిబియా ట్యాంకరు. 1995 ఫిబ్రవరిలో మరమ్మతులో వుండగా పేలుడు జరిగి తొమ్మిదిమంది కార్మికులు చనిపోయారు. 1998 సెప్టెంబరులో మాల్టా దక్షిణ తీరాన దాన్ని కావాలనే ముంచారు. 36 మీటర్ల లోతున ఇసుకలో కూచునివుంది. చనిపోయినవారి జ్ఞాపకార్థం అక్కడ ఒక ఫలకం కూడా పెట్టారు. తమ్ముడూ, ఆ ఓడ ఈసారి మీకు కాదు. అడ్వాన్స్‌డ్ కోర్సు చేసి 30 మీటర్లకి అర్హత వచ్చాక కూడా, అడుగుదాకా పోకుండా పైడెక్కు చూసి రావడమే. "మీకెందుకు, నేను తీసుకెళ్తాగా" అనేవాడు తగిలితే, ఆ మాటే వాణ్ణి వదిలెయ్యడానికి తగిన కారణం. అది ప్రాణాలు పోయిన ఓడ, పందాలకి పనికిరాదు.

గోలీసోడా పాఠం

ఇప్పుడు ఆ ఆఖరి పొద్దుటి డైవ్ సంగతి.

గోలీసోడా చూశారుగా! గోలీ నొక్కనంతసేపూ లోపల ఒక్క బుడగ కనిపించదు. నొక్కగానే కీచుమని అరిచి, బుసబుసా బుడగలు. సీసాలోకి ఆ గాలి కొత్తగా వచ్చింది కాదు. ఒత్తిడికి నీళ్లలో కరిగివున్నదే, ఒత్తిడి పోగానే బయటపడింది.

నీటి అడుగున మన ఒళ్లు ఆ సోడాసీసా. పది మీటర్లు దిగితే ఒత్తిడి రెండింతలు, ఇరవై దిగితే మూడింతలు. మనం పీల్చే గాలిలోని నైట్రోజను నెత్తురులో, కండలో కరిగిపోతూ వుంటుంది. నెమ్మదిగా పైకొస్తే ఊపిరితిత్తుల గుండా చల్లగా బయటికి పోతుంది. గబుక్కున పైకొస్తే గోలీ నొక్కినట్టే. కీళ్లలో పోట్లు, తిమ్మిరి, మరీ ముదిరితే కాళ్లుచేతులు పడిపోవడం. అందుకే నిమిషానికి తొమ్మిది మీటర్లకి మించి పైకి రావద్దంటారు. అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగమంటారు.

సరే, నెమ్మదిగానే పైకొచ్చారు. అయినా కొంత నైట్రోజను ఒంట్లో మిగిలే వుంటుంది. అది పోవడానికి గంటలు పడుతుంది. ఈలోగా విమానమెక్కారనుకోండి. విమానం లోపలి ఒత్తిడి నేలమీద వున్నంత వుండదు, ఇంచుమించు ఊటీ కొండమీద వున్నంత వుంటుంది. అంటే మిగిలిన సోడాకి మళ్లీ గోలీ నొక్కారన్నమాట. అదీ ఎక్కడ? ఆకాశంలో, డాక్టరు, ఛాంబరు ఏవీ లేనిచోట.

ఒకే ఒక్క డైవ్ చేసినవాడు కనీసం 12 గంటలు, వరసగా రోజుల తరబడి చేసినవాడు కనీసం 18 గంటలు విమానమెక్కకూడదని నియమం. నేను మీకు ఇంకా సులువుగా చెబుతాను, ఇరవైనాలుగు గంటలు పెట్టుకోండి. ఏడోరోజు మధ్యాహ్నం రెండింటికి విమానమైతే, ఆరోరోజు పదకొండింటికల్లా మీ చివరి డైవ్ అయిపోయి, సూటు ఎండలో ఆరుతూ వుండాలి. అయిదోరోజు సాయంత్రానికే గోజోనుంచి మాల్టాకి వచ్చెయ్యండి. గాలి రేగితే ఓడలు ఆగిపోవచ్చు గనుక అది ఇంకో విధంగా కూడా మంచిదే.

మరి ఆరోరోజు మధ్యాహ్నం ఏం చెయ్యాలి? అందుకేగా మీరు సినిమా పాఠకులయింది! యాంకర్ బే అనేచోట 1980 నాటి 'పొపాయ్' చిత్రం కోసం కట్టిన పల్లెటూరు వుంది. రాబిన్ విలియమ్స్ నటించిన సినిమా. దుంగలు హాలెండునుంచి, కప్పు చెక్కలు కెనడానుంచి తెప్పించి కట్టారు. షూటింగయ్యాక పడగొట్టలేదు, ఇప్పటికీ టిక్కెట్టు పెట్టి చూపిస్తున్నారు. తర్వాత వలెట్టా వీధుల్లో సాయంత్రం. 'పస్తిత్సీ' అని మన కర్రీపఫ్‌కి పెదతల్లి కూతురులాంటిది దొరుకుతుంది. లోపల జున్నుగాని బఠానీగాని. శాకాహారులు "పీస్" అని అడిగితే బఠానీది ఇస్తారు. చేపలు తినేవాళ్లు సెప్టెంబరులో 'లంపూకి' వదలకండి, అది దాని కాలం. కుందేలు కూర వాళ్ల గొప్పవంట. మీ ఇష్టం!

బొటనవేలు కథ

మరి శీర్షికలో బొటనవేలెందుకు పెట్టానంటారా? హీరో ఎంట్రీ బాగుంటే మనం బొటనవేలు పైకెత్తి "సూపర్!" అంటాం. నీటి అడుగున ఆ సైగకి అర్థం "బాగుంది" కాదు, "పైకి పోదాం." మీరు చేపని చూసి మురిసి బొటనవేలెత్తితే, మీ జట్టంతా డైవ్ ఆపేసి పైకి బయల్దేరుతుంది. "బాగుంది" అనాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి. అరచెయ్యి చాచి అటూ ఇటూ ఊపితే "ఏదో తేడాగా వుంది" అని. ఊపి, ఎక్కడ తేడానో వేలితో చూపించాలి, చెవా, ముసుగా, కాలా. గొంతుమీద చేత్తో కోసినట్టు గీస్తే "గాలి అయిపోయింది" అని.

వీటన్నింటిలోకీ గొప్ప సైగ ఆ బొటనవేలే. డైవర్లలో ఒక కట్టుబాటుంది. జట్టులో ఎవరైనా సరే, ఎప్పుడైనా సరే, బొటనవేలెత్తితే డైవ్ అయిపోయినట్టే. కారణం చెప్పక్కర్లేదు. రెండో మాట లేదు.

బ్లూహోల్ దగ్గర నేను దిగిన రోజున మా జట్టులో ఒకమ్మాయికి ఆరు మీటర్ల దగ్గర చెవి తెరుచుకోలేదు. ముక్కు మూసి మెల్లగా గాలి వూదింది, కాస్త పైకొచ్చి మళ్లీ ప్రయత్నించింది, లాభం లేదు. బొటనవేలెత్తింది. వాకిలి అక్కడే, రెండు మీటర్ల దిగువన, నీలంగా మెరుస్తోంది. నలుగురం ఆ వాకిలి దాటకుండానే పైకొచ్చేశాం. ఒడ్డుమీద ఆ అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుని "మీ అందరి డైవూ పాడుచేశాను" అంది. శిక్షకుడు మాత్రం ఆమె సిలిండరు దింపుతూ, ఈ రోజు మీ అందరిలోకీ బాగా డైవ్ చేసింది ఈవిడే అన్నాడు. హాస్యానికి కాదు, నిజంగానే అన్నాడు. నొప్పిని ఓర్చుకుని దిగివుంటే కర్ణభేరి పగిలేది. చల్లటి నీళ్లు లోపలికి పోతే తల తిరిగి, పైకేదో కిందికేదో తెలియకుండా పోయేది. మిగిలిన ముగ్గురం అప్పుడు ఆమెతో సహా ప్రమాదంలో పడేవాళ్లం.

సినిమాలో "వద్దు" అన్నవాడు పిరికివాడు, దూకినవాడు హీరో. నీటి అడుగున ఈ లెక్క తలకిందులు. అక్కడ "వద్దు" అనగలవాడి పక్కనే మనం నిశ్చింతగా ఈదగలం. అందుకని తమ్ముడూ, చెల్లెమ్మా, బయల్దేరేముందు మీలో మీరొక ఒప్పందం చేసుకోండి. ఎవరు బొటనవేలెత్తినా రెండోవాళ్లు ఎందుకని అడగకూడదు. ఆ రాత్రి భోజనం దగ్గర కూడా దెప్పకూడదు.

చివరిగా చిన్నచిన్నవి. జలుబుంటే దిగకండి. బిళ్లలు మింగి ముక్కు తెరిపించుకుని అసలే దిగకండి, అడుగున వుండగా ఆ మందు ప్రభావం తీరితే పైకి రావడమే నరకం. నీటిలో ఊపిరి ఒక్కక్షణం కూడా బిగపట్టకండి. ముందురాత్రి మందు పుచ్చుకోకండి. కుళాయి నీళ్లు తాగొచ్చు గాని చాలావరకు సముద్రపు నీటిని శుద్ధిచేసినవి, రుచి మీకు నచ్చకపోవచ్చు. కోమినోలోని 'బ్లూ లగూన్'కి వెళ్లాలంటే ముందుగానే ఆన్‌లైన్లో పేరు నమోదు చేసుకోండి, జనాన్ని అదుపుచెయ్యడానికి 2025 వేసవిలో ఆ పద్ధతి పెట్టారు. అన్నట్టు, బ్రూక్ షీల్డ్స్ నటించిన 1980 నాటి 'ది బ్లూ లగూన్' అక్కడ తీశారనుకునేరు. కాదు, ఆ సముద్రం ఫిజీది!

వెళ్లిరండి. తిరిగొచ్చాక ఉత్తరం రాయండి. ఎన్ని మీటర్లు దిగారో నాకక్కర్లేదు. ఏం చూశారో రాయండి. ఏ రోజైనా చూడకుండా వెనక్కి వచ్చేసివుంటే, ఆ సంగతి మాత్రం తప్పకుండా రాయండి. దాన్ని ఈ పేజీలోనే, అందరికంటే పైన వేయిస్తాను.